బావి మూల

మా ఊళ్ళో సముద్రాన్ని చూసినవాడు మా తమ్ముడు ఓంకార్ ఒక్కడే. చూడటంతో ఆగలేదు, తాగి మరీ వచ్చాడు. బీదర్‌లో ఐటీఐ అయ్యాక మద్రాసు దిక్కున, సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసి పట్నానికి పంపే ప్లాంటులో మూడేళ్ళు ఫిట్టరుగా చేశాడు. ఒక దసరా దాటాక తిరిగొచ్చి బీదర్ పక్కన నౌబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. ఊళ్ళలో మంచినీళ్ళ ప్లాంట్లు పెట్టే కంపెనీ అది. చేరిన వారానికే మా అరుగెక్కి కూర్చుని సముద్రం కథలు మొదలుపెట్టాడు.

"గా నీళ్ళు గుక్కెడు నోట్ల పోసుకుంటే కడుపుల ఉన్నదంత బయటికొస్తది అత్తా. గసొంటియి ఒక దిక్కు నుంచి తోలితే ఇంకో దిక్కు నుంచి మంచిగ తాగే నీళ్ళొస్తయి. వాన పడ్డా పడకున్నా పట్నానికి ఫికర్ లేదు. సముద్రం ఎండదు గదా!"

మా అత్త రాచమ్మ చేతిలో పని ఆపేసి వినేది. "గన్ని నీళ్ళు ఇచ్చి గంత ఉప్పెందుకు పోసిండో దేవుడు. చెయ్యి జారిందేమో" అనేది. వాడు పగలబడి నవ్వేవాడు. వాడు నవ్వితే నాకు కడుపు నిండేది. మా అమ్మ పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు, నాకు పదిహేను. వాణ్ణి చంకనేసుకునే పెళ్ళి చేసుకున్నానని మా ఆయన సాయిలు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. వాడి చదువంతా ఈ ఇంట్లో ఉండే, మా అత్త చేతి జొన్నరొట్టెలు తినే సాగింది.

మా ఊరికి సముద్రం లేదు కానీ ఉప్పుకేం కొదవ లేదు. పంచాయితీ బోరు ఏడు వందల అడుగులు. ఎంత ఎండాకాలమైనా బొళబొళా పోస్తుంది, ఏం లాభం? ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, గిన్నెల్లో తెల్లటి పొర కడుతుంది. మా బర్రె దాన్ని వాసన చూసి మూతి తిప్పుకుంటుంది. తాగేందుకూ వండేందుకూ నలభై ఇళ్ళకూ ఉన్నది మా చేదబావి ఒక్కటే. మా మామ గాలయ్య ఎర్రరాయి తొలిపించి తవ్వించాడు. ఎవరైనా వచ్చి తోడుకోవచ్చు, కులం అడగం, ఇల్లు అడగం. ఒక్కటే కట్టు: చేదతోనే తోడాలి, బావిలోకి కరెంటు దించకూడదు. చేత్తో తోడుకునేవాడు తాగేంతే తోడుకుంటాడు, మోటరుకు దాహం తీరడం తెలియదు అనేవాడట మామ. ఆయన పోయే రోజు కూడా మా అత్త చేత ఆ మాటే చెప్పించుకున్నాడు.

అయితే ఆ బావిని నమ్ముకుని ధైర్యంగా ఉండే రోజులు పోయాయి. వాడు రావడానికి రెండేళ్ళ ముందు ఎండాకాలం మధ్యలో అడుగంటింది. నాలుగు రోజులకోసారి వచ్చే ట్యాంకరు కోసం ఆడవాళ్ళం బిందెలు వరుసలో పెట్టి, బిందెకొకరం కాపలా కాశాం. అప్పటి నుంచీ ఉగాది వస్తుందంటే పండుగ మాట దేవుడెరుగు, మిరుగం కార్తెలో తొలివాన పడేదాకా గుండె గుప్పిట్లో పెట్టుకుని బతకడమే. అందుకే ఓంకార్ ఆ మాట అన్నప్పుడు మా అత్త కళ్ళు మెరిశాయి.

"సముద్రాన్నే తాగిపిచ్చినోన్ని, మీ బోరెంత అత్తా? గా ఉప్పుబోరుకు మిషన్ పెడ్త. బోరు ఎండేది లేదు, మీరు ట్యాంకర్ మొకం జూసేది లేదు."

హోలీ అయిన నాలుగో రోజు కాగితాలు పట్టుకుని బైకు మీద వచ్చాడు. బీదర్ నుంచి మిఠాయి పొట్లం కూడా తెచ్చాడు.

"బోరు కాడికెళ్ళి పైపు ఏస్తం అత్తా. మిషన్ పెట్టనీకె జెర జాగ కావాలె, కరెంటు స్తంభం దగ్గర్ల. నీ బాయి పక్కన మూల ఖాళీగనే పడి ఉంది గదా. గది ఇస్తే సాలు."

"జాగదేముంది, పెట్టుకో. బాయి జోలికి రారు గదా?"

"అత్తా, నీ చేతి బువ్వ తిని పెరిగినోన్ని. నీ బాయి జోలికి నేనొస్తనా?"

మా అత్త తృప్తిగా తలూపింది. కానీ వేలిముద్ర వేసే ముందు ఎప్పుడూ చేసే పనే చేసింది. కాగితం నా ముందుకు తోసింది. "శివానీ, ఒక్కసారి చదువు బిడ్డా" అంది.

ఈ చదువు సంగతి చెప్పాలి. మాది నారాయణఖేడ్ దిక్కు, నేను పదో తరగతి దాకా తెలుగులో చదివాను. పెళ్ళయి సరిహద్దు దాటి కన్నడ రాజ్యంలోకి వచ్చాక చూస్తే, కన్నడ అక్షరాలు మన అక్షరాలకు దగ్గరి చుట్టాలు. తలకట్లు కాస్త అటూ ఇటూ, అంతే. బస్సు బోర్డులూ రేషన్ కాగితాలూ కూడబలుక్కుంటూ చదివేస్తుంటే మా అత్త మురిసిపోయి ఊరంతా చాటింది. నాకూ గర్వమే. మా ఊళ్ళో మాట్లాడేది తెలుగే కాబట్టి అక్షరాలు వస్తే భాష వచ్చినట్టేనని నేనూ నమ్మాను. మా అత్తకేమో సంత కన్నడం వచ్చు, వంకాయలు బేరమాడుతుంది, బస్సు కండక్టరుతో కొట్లాడుతుంది. కచేరి కాగితాల కన్నడం ఆమెకూ రాదు.

నేను వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. "సదరి బావియ మూలవన్ను ఘటకక్కె ఒప్పిసిద్దేవె."

"అంటే?"

"ఈ బాయి మూలను ఘటకానికి ఒప్పజెప్పినం అని ఉందత్తా. ఘటకమంటే మిషనే."

"మూలనే గదా? బాయి గాదు గదా?"

"మూలనే. మూల అనే రాసి ఉంది సూడు" అని, చదవలేని మనిషికి వేలితో చూపించాను. చూపిస్తూనే ఓంకార్ వైపు తిరిగాను. సరిగ్గా చదివానా లేదా అని వాడి నోటితో వినాలని. వాడు మిఠాయి పొట్లం దారం ముడి విప్పుతున్నాడు. ముడి బిగుసుకున్నట్టుంది, తల ఎత్తలేదు.

"గదే అక్కా. మంచిగ చదివినవు" అన్నాడు.

మా అత్త వేలిముద్ర వేసింది. కింద 'ఓది హేళిదవరు' అని ఒక గీత ఉంది. చదివి చెప్పినవారు అని అర్థం. అది మాత్రం నాకు తెలుసు. ఆ గీత మీద నా పేరు రాశాను. తర్వాత అందరం మిఠాయి తిన్నాం.

ఉగాదికి ముందు ఓంకార్ నలుగురు పనివాళ్ళను తెచ్చి బావి పూడిక తీయించాడు. కంపెనీ తరఫున కాదు, అత్తకు నా తరఫున అన్నాడు. రెండు రోజులు ఆ మనుషులు తాళ్ళతో దిగారు, గంపలు గంపలుగా బురద తోడి పోశారు. ఏవో పైపులూ ఇనుప సామానూ కూడా దించారు, రాళ్ళు జారకుండా ఆసరా కోసమని చెప్పాడు. మా అత్త వాళ్ళకు రెండు పూటలా రొట్టెలు చేసి పెట్టింది. "కడుపున పుట్టినోల్లు కూడ ఇట్ల జెయ్యరు" అని వచ్చినవాళ్ళందరితో చెప్పింది. శరణమ్మ అయితే, పక్కింటావిడ, వాడి తలమీద చెయ్యి పెట్టి దీవించింది. ఆ దీవెన తీసుకునేటప్పుడు వాడికి ఏమనిపించిందో అని చాలాసార్లు ఆలోచించాను. నాకు తెలిసినంతలో వాడికి ఏమీ అనిపించి ఉండదు.

రేకుల షెడ్డు లేచింది. బోరు నుంచి కందకం తవ్వి, ఊరందరి కళ్ళ ముందే పైపు వేశారు. పంచాయితీ మెంబరు నర్సప్ప కొబ్బరికాయ కొట్టాడు. మొదటి గ్లాసు మా అత్తకు ఇస్తే ఆమె గుటకేసి, కాసేపు నోట్లో అటూ ఇటూ తిప్పి, "సప్పగుందిరా" అంది.

"ఉప్పు తీస్తే సప్పగనే ఉంటది అత్తా!"

అందరం నవ్వాం. తాళంచెవి నా చేతికి ఇచ్చాడు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి స్విచ్చి వేయడం నా పని. "ఈ పైపుల మంచి నీళ్ళు, ఈ పైపుల పాడు నీళ్ళు. తీసిన ఉప్పంత గీ పాడు నీళ్ళల్ల కలిసి గుంతకు పోతది. సేన్లకు రానియ్యకు, మట్టి చెడ్తది" అని పాఠం చెప్పాడు. ఊళ్ళో ఇంటికి రెండు డబ్బాలు, మిగిలినవి కంపెనీ బండి నౌబాద్‌కు తీసుకుపోతుంది. నేను చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, తాళంచెవి నడుముకు వేలాడేసుకుని తిరిగేదాన్ని. సాయిలు హుల్సూర్ పప్పుమిల్లు నుంచి ఆదివారం వచ్చినప్పుడు మా పిల్లల ముందే "ఇంజనీరమ్మా, జెర నీళ్ళియ్యి" అనేవాడు. ఆ రోజుల్లో నా అంత సుఖంగా ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల లేదు.

ఎండలు ముదిరాయి. కంపెనీ బండి రోజుకొకసారి వచ్చేది రెండుసార్లు రాసాగింది, నన్ను సాయంత్రం కూడా స్విచ్చి వేయమన్నారు. ఒకరోజు మా అత్త చేద వేస్తే తాడు చాల్లేదు. మూరెడు ముక్క కట్టింది. వారం తిరక్కుండా ఇంకో రెండు మూరలు కట్టాల్సి వచ్చింది.

"మిరుగం ఇంక నెలన్నర ఉంది. గిప్పుడే అడుగు రాయి కనబడుతుంది" అని గట్టు మీద చతికిలబడింది.

శరణమ్మ బిందె దించి నా వైపు చూసింది. "నాకు సమజ్ కాదు శివానమ్మా. మిషన్ వచ్చినంక బాయి కాడికి సగం మందే వస్తున్నరు. తోడెటోల్లు తక్కువయిన్రు, నీళ్ళు ఎక్కువ గావాలె గదా? మరి ఏడికి పోతున్నయి?"

"ఎండలు గట్ల ఉన్నయి అక్కా. పాతాళంల నీళ్ళు గుంజుకపోతున్నయి" అన్నాను, నాకేదో పాతాళంతో రోజూ మాటలున్నట్టు. ఇంటికొచ్చి ఓంకార్‌కు ఫోన్ చేశాను. "ఎండలే అక్కా, ఇంకేంది" అన్నాడు. వాడు అన్నాడు కాబట్టి నాకూ అదే నిజమైంది.

బయటపెట్టింది మా బర్రె. ఒక మధ్యాహ్నం గుంజ ఊడబెరుక్కుని పోయింది. చూస్తే ప్లాంటు వెనక పాడు నీళ్ళ గుంతలో ముక్కు దాకా ముంచి తాగుతోంది. ఉప్పు తాగి చస్తుందేమోనని కర్ర పట్టుకుని పరుగెత్తాను. అదిలిస్తే కదలదు. తోక ఊపుకుంటూ, చెవులు ఆడిస్తూ, కమ్మగా తాగుతోంది. బోరు నీళ్ళు పెడితే మూతి తిప్పుకునే బర్రె, ఆ బోరు ఉప్పంతా దిగే గుంతలో నీళ్ళెలా తాగుతుంది? నేను దోసిట్లో పట్టి నాలుకకు తగిలించుకున్నాను. చల్లగా ఉన్నాయి. ఉప్పు లేదు.

తడి చేతులు చీరకు తుడుచుకున్నాను. తర్వాత షెడ్డులోకి పోయి స్విచ్చి వేశాను. బావి దగ్గరికి నడిచి, గట్టు మీద బోర్లా వాలి లోపలికి చూశాను. ఎవరూ తోడటం లేదు. అయినా నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చూస్తుండగానే గోడరాయి మీద తడిచార వేలెడు బయటపడింది. పోయి స్విచ్చి ఆపాను, వణుకు ఆగింది. మళ్ళీ వేశాను, మళ్ళీ మొదలైంది. మూడుసార్లు వేసి ఆపాను.

పెట్టెలోంచి కాగితం నకలు తీసుకుని అంగన్‌వాడీకి పోయాను. టీచరు జగదేవి కన్నడంలోనే చదువుకుంది. పిల్లలకు గింజలు పంచుతోంది. "గీ ముక్క జెర చదివి చెప్పు అక్కా" అని వేలు పెట్టి చూపించాను.

ఆమె చదివి, "ఏముంది, ఈ బాయి నీళ్ళను ప్లాంటుకు ఇచ్చినం అని" అంది.

"నీళ్ళనా? మూల అని ఉంది గదా?"

జగదేవి నన్ను వింతగా చూసింది. "మూల అంటే కన్నడంల మన మూల గాదు శివానీ. నీళ్ళు పుట్టే తావు, జల. మనం మూల అనేదాన్ని వీళ్ళు మూలె అంటరు. లకు ఎత్వం ఉండాలె. ఈడ ఎత్వం లేదు." ఆమె గొంతు తగ్గించింది. "ఎవరు చదివి చెప్పిన్రు మీ అత్తకు?"

నేను కాగితం మడిచి బయటికి వచ్చాను. మా అత్త చేతుల మీదుగా బావినే రాసిచ్చేశాను. ఒక్క ఎత్వం లేని కారణంగా. నా మీద నాకే అసహ్యం వేసింది. తప్పంతా నాదేనన్నట్టు అంగన్‌వాడీ గేటు దాకా నడిచాను. గేటు దగ్గర గుర్తొచ్చింది, ఆ పూట మా అరుగు మీద కన్నడం నిండా వచ్చిన మనిషి ఒకడు ఉన్నాడు. ఐదేళ్ళు కన్నడంలో పరీక్షలు రాసినవాడు. నేను తప్పు చదువుతుంటే పొట్లం దారం విప్పుతూ కూర్చున్నాడు.

మర్నాడు నౌబాద్ పోయాను. కంపెనీ షెడ్డులో ఓంకార్ ఒక పైపుకు మర బిగిస్తున్నాడు. నన్ను చూసి మొహం విప్పారింది. "అక్కా! అన్నం తిన్నవా?" అన్నాడు. ఆ మొహాన్ని అంత ప్రేమగా ఎలా పెట్టగలిగాడో నాకు ఈనాటికీ తెలియదు.

"బాయిల మోటరు పెట్టినవు గదరా? పూడిక తీసేనాడు."

వాడు రెంచి కింద పెట్టాడు. అబద్ధం చెప్పలేదు. చెప్తే బాగుండేదేమో. "జెర సమజ్ చేసుకో అక్కా. గా బోరు నీళ్ళు మిషన్ల పోస్తే ఆర్నెల్లకు లోపటి పొర తినేస్తది. ఇంకోటి, మద్రాసుల తీసిన ఉప్పును మళ్ళ సముద్రంలకే ఇడుస్తరు. సముద్రానికి ఏం గాదు. ఈడ ఏడ ఇడుస్తం? పది బిందెలు తోలితే ఆరు బిందెలు ఇంకింత ఉప్పయి బయటికొస్తయి. నీ సేన్లనే పొయ్యాలె. నీ సేను చెడగొట్టద్దనే బాయి నీళ్ళు పెట్టిన."

"నా మంచికే పెట్టినవన్నట్టు."

"అట్లనే అనుకో."

"మరి బోరు కాడికెళ్ళి పైపెందుకేసినవు?"

వాడు రెంచి మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

"తియ్యటి నీళ్ళకు మిషనెందుకురా?"

"మిషన్ ఉంటేనే డబ్బాల మీద పేరేసి అమ్మనిస్తరు అక్కా. మా కంపెనీ సేటు అడిగిండు, తియ్యటి బాయి ఏడుంది అని. నాకు తెలిసింది మనదే."

మనది అన్నాడు. ఆ మాటకు ఒళ్ళు మండిపోయింది. "నేను మూల మూల అని చదువుతుంటే నువ్వు విన్నవా లేదా? అది చెప్పు."

"విన్న."

"మంచిగ చదివినవు అంటివి గదరా."

వాడు చేతులకు అంటిన గ్రీసు గుడ్డతో తుడుచుకున్నాడు. ఒక్కో వేలు తుడుచుకున్నాడు. "నువ్వు సక్కగ చదివినా దస్తకత్ పెడ్తువు అక్కా. నేను అడిగితే నువ్వు ఏనాడన్న లేదన్నవా? అత్త ముంగట నీకు మాట రావద్దని ఊకున్న" అన్నాడు.

అది నిజమేనేమో అన్న భయం పట్టుకుంది. వాడు అడిగితే నేను ఇవ్వననుకోవడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణ కూడా లేదు. వాడు నన్ను మోసం చేయడానికి తాళంచెవి నేనే నా పదిహేనో ఏట వాడి చేతికి ఇచ్చాను.

మా అత్తకు ఆ సాయంత్రమే చెప్పాను. చింతపండు గింజలు తీస్తోంది. మూల, మూలె, ఎత్వం, అన్నీ చెప్పాను. వాడు విన్నాడని కూడా చెప్పాను. ఆమె గింజలు తీయడం ఆపలేదు. అంతా అయ్యాక చేతులు కడుక్కుంది. నా నడుముకు ఉన్న తాళంచెవి అడిగి తీసుకుంది. స్విచ్చి ఆపి, షెడ్డుకు తాళం వేసి వచ్చింది.

"రేపు బీదర్ పోదాం" అంది.

అర్జీ జగదేవి రాసిచ్చింది. బీదర్ కచేరి నుంచి ఒక ఇంజనీరును పంపించారు. అతను వచ్చి చూసుకుని పోయాడు. ప్లాంటు బోర్డు మీద ఉప్పుబోరు నీళ్ళని ఉంటే, తోడుతున్నది బావి నీళ్ళని రాసుకున్నాడు. పది రోజులకు మమ్మల్నీ కంపెనీనీ పిలిచారు. సేటు రాలేదు, ఓంకార్‌ను పంపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మా అత్త కాళ్ళకు మొక్కబోతే ఆమె పక్కకు జరిగింది.

అధికారి మంచివాడే. నాకు అర్థం కావాలని మెల్లగా తెలుగు కలిపి అడిగాడు. "నీ పేరు ఉంది ఇక్కడ, చదివి చెప్పినవారు అని. నువ్వు మూల అంటే ఏమనుకున్నావమ్మా?"

"తెలుగు మూల అనుకున్న సార్. జాగ మూల."

"అప్పుడు ఇతను పక్కన ఉన్నాడా?"

"ఉన్నడు సార్. నేను తప్పు చదివింది విన్నడు. విన్న అని మొన్న నాతోటి ఒప్పుకున్నడు."

అధికారి ఓంకార్ వైపు తిరిగాడు. తెలిసి దాచి ఉంటే అది మోసం కిందికి వస్తుందని, పోలీసు దాకా పోతుందని కన్నడంలో చెప్పాడు. ఓంకార్ నన్ను చూశాడు. వాడు ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఒప్పుకుంటే పోలీసుల కాళ్ళావేళ్ళా పడైనా వాణ్ణి తప్పిద్దామని, అప్పటికే నా మనసు దారులు వెతుకుతోంది. ఎంత వెర్రిదాన్నో చూడండి.

వాడు అధికారి వైపు తిరిగి, శుభ్రమైన కన్నడంలో అన్నాడు. "నమ్మ అక్కనిగె కన్నడ చెన్నాగి బరుత్తె సార్. ఎల్లా గొత్తిద్దే సహి మాడిద్దాళె."

మా అక్కకు కన్నడం బాగా వచ్చు సార్, అన్నీ తెలిసే సంతకం చేసింది. నేను అర్థం తప్పుగా తీసుకోని కన్నడ వాక్యం అదొక్కటే. సంత కన్నడం కాబట్టి మా అత్తకూ అర్థమైంది. ఆమె మెడ తిప్పి నన్ను చూసింది.

"అత్తగారి ముందు ఇప్పుడిట్ల చెప్తుంది సార్" అని కూడా అన్నాడు. "ఊళ్ళ అందరికీ కన్నడం చదివి చెప్పేది ఆమెనే. కావాలంటే అత్తమ్మనే అడుగున్రి."

అధికారి అడిగాడు. మా అత్త అబద్ధం చెప్పే మనిషి కాదు. "చదువుతది సార్. రేషన్ కాయిదాలు, బస్సు బోర్డులు, అన్ని ఆమెనే చదువుతది" అంది.

బోర్డుకూ బావికీ పొంతన లేదు కాబట్టి మోటరు తీసేయాలని అధికారి ఆ రోజే రాశాడు. ఎవరికి ఏది తెలుసు అన్నది తేలే సంగతి కాదని వదిలేశాడు. వారంలో మోటరు పైకి తీశారు, షెడ్డు విప్పుకుని పోయారు. మిరుగం కూడా ఆ ఏడు మాట తప్పలేదు. బావిలో నీళ్ళు చేదకు అందే దాకా లేచాయి. శరణమ్మ కొబ్బరికాయ కొట్టింది. ఇవన్నీ జరిగాయి. ఓంకార్ ఉద్యోగం కూడా నిలబడింది, నౌబాద్‌లోనే ఉన్నాడు. కానీ ఆ ఎండాకాలం అంటే నాకు గుర్తొచ్చేది వీటిలో ఏదీ కాదు, ఆ రోజు కచేరి నుంచి ఇంటికి వచ్చిన బస్సు.

కిటికీ పక్కన మా అత్త కూర్చుంది, ఆమె పక్కన నేను. మోటరు తీసేయమన్న కాగితం ఆమె ఒళ్ళో ఉంది. గెలిచి వస్తున్నవాళ్ళం. బస్సు బీదర్ దాటింది. ఎర్రమట్టి క్వారీలు దాటాక ఆమె కిటికీ బయటికి చూస్తూనే అడిగింది.

"నీకు నిజంగ తెల్వదా శివానీ?"

పన్నెండేళ్ళు ఆమెకు కోడలిని. కోపంలో కసిరింది, ఒకసారి చెయ్యి కూడా ఎత్తింది, కానీ నా మాటను ఇలా పట్టి చూడటం ఎన్నడూ ఎరగను. మా తమ్ముడు బావిని తోడాడు, అది నిండుతుంది. ఆమెకు నా మీదున్న నమ్మకాన్ని కూడా తోడేశాడని నాకు అప్పుడు తెలిసింది.

"తెల్వదత్తా" అన్నాను. "నా పిల్లల మీద ఒట్టు. తెల్వదు."

కండక్టరు వచ్చాడు, ఆమె టికెట్లు తీసుకుంది. ఎవరో మేకపిల్లతో ఎక్కితే కాళ్ళు ముడుచుకుని చోటిచ్చింది. కంది కోసేసిన చేలు వచ్చాయి, చెరుకు వచ్చింది, దుక్కి దున్ని వానకోసం వదిలిన ఖాళీ పొలాలు వచ్చాయి. నేను ఆమె చెంప వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆగింది. ఆమె ముందు దిగింది, నేను వెనక దిగాను. బస్సు కదిలి వెళ్ళిపోయింది. దుమ్ము అణిగింది. ఆమె కొంగు దులుపుకుని తలమీద వేసుకుని, నా వైపు చూడకుండా, అప్పుడు "సరే" అంది.